మెయిన్‌ఫ్రేమ్‌లో సాకెట్ ప్రోగ్రామ్ మొరాయిస్తే: జెడ్ఓఎస్ సొంత టూల్స్‌పై నా రివ్యూ

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ఓఎస్‌తో పాటే కమ్యూనికేషన్స్ సర్వర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ వస్తుంది. ఇంటర్నెట్ వాడే టీసీపీఐపీ పద్ధతి అయినా, ఐబీఎం పాత పద్ధతి ఎస్ఎన్ఏ అయినా మెయిన్‌ఫ్రేమ్ నుంచి నెట్‌వర్క్‌లోకి వెళ్లే మాటలు నడిపేది ఇదే. కనెక్షన్ల స్థితి చూపే నెట్‌స్టాట్, జరిగిన మాటల్ని రికార్డు చేసే ప్యాకెట్ ట్రేస్, డేటా ట్రేస్, సాకెట్ ఏపీఐ ట్రేస్ అన్నీ ఇందులోనే ఉన్నాయి, విడిగా కొనక్కర్లేదు. సాకెట్ అంటే నెట్‌వర్క్ మీద మాట్లాడటానికి ప్రోగ్రామ్ తెరుచుకునే కొస. దాని మీద ఒక చిన్న క్లయింటూ (అడిగే ప్రోగ్రామ్) ఒక చిన్న సర్వరూ (జవాబిచ్చే ప్రోగ్రామ్) మాట్లాడుకోకపోతే తప్పు ఎవరిదో తేల్చడానికి ఇవి సరిపోతాయా అన్నదే ఈ రివ్యూ. సరిపోతాయి అన్నది నా అభిప్రాయం. బాగా సరిపోతాయి కూడా. కాకపోతే వాటి దాకా చేరడమే కష్టం. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ఒక బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌కి నెట్‌వర్క్ సపోర్ట్ చేస్తాను. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వచ్చినవాళ్లే. కోబాల్ భాష, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ లాంటి మెయిన్‌ఫ్రేమ్ టూల్స్ వాళ్లకి కొట్టిన పిండి. సాకెట్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం మొహమాటపడతారు, "అది నెట్‌వర్క్ వాళ్ల పని కదా అక్కా" అంటారు. అటు నెట్‌వర్క్ వాళ్లేమో మెయిన్‌ఫ్రేమ్ గడప దగ్గరే ఆగిపోతారు. ఇద్దరి మధ్యా బ్రిడ్జి కాల్ (అందరూ కలిసే ఫోన్ కాన్ఫరెన్స్) గంటలు గంటలు సాగుతుంది. "మా వైపు అంతా బానే ఉంది" అన్న మాట ఆ కాల్‌లో అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాట నిజమో కాదో నిమిషాల్లో చెప్పగలిగే టూల్ చేతికింద ఉండి కూడా ఎవరూ వాడరు. ఈ రివ్యూ రాయాలనిపించింది అందుకే.

ముందుగా నెట్‌స్టాట్. టీఎస్ఓలో (యూజర్ లాగిన్ అయి కమాండ్‌లు ఇచ్చే చోట), ఆపరేటర్ కన్సోల్లో, యూనిక్స్ షెల్లో మూడు చోట్లా పనిచేస్తుంది. లైనక్స్‌లో వాడిన అలవాటు ఉన్నవాళ్లకి కొత్తగా అనిపించదు, కానీ ఇక్కడిది చాలా ఎక్కువ చెబుతుంది. నెట్‌స్టాట్ కాన్ అంటే ఏ జాబు (నడుస్తున్న ప్రోగ్రామ్) ఏ పోర్ట్ (నెట్‌వర్క్ తలుపు నంబరు) మీద ఉంది, అవతల ఎవరు, కనెక్షన్ ఏ స్థితిలో ఉంది అన్నది వస్తుంది. నెట్‌స్టాట్ ఆల్ అని పోర్ట్ నంబరు ఇచ్చి ఫిల్టర్ చేస్తే ఒక్కో కనెక్షన్ జాతకం మొత్తం బయటపడుతుంది: ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, చివరిసారి కదలిక ఎప్పుడు, వచ్చి ప్రోగ్రామ్ చదవకుండా క్యూలో పడి ఉన్న డేటా ఎంత, పంపినా అవతలివాళ్లు అందినట్టు చెప్పనిది ఎంత. లిజన్‌లో ఉన్న (కనెక్షన్ల కోసం ఎదురుచూసే) సర్వర్ అయితే బ్యాక్‌లాగ్ (వరసలో ఆగిన కనెక్షన్లు) ఎంత, ఎన్ని కనెక్షన్లు జారిపోయాయి అన్నది కూడా ఉంటుంది.

ఈ నాలుగైదు అంకెలు చదవడం వస్తే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. రిసీవ్ క్యూలో డేటా పేరుకుపోయి ఉంటే నెట్‌వర్క్ తన పని చేసింది, మన ప్రోగ్రామే చదవడం లేదు. వచ్చిన బైట్లు సున్నా అయితే క్లయింట్ ఇంకా ఏమీ పంపలేదు, లేదా పంపింది ఇక్కడిదాకా రాలేదు. సెండ్ క్యూ నిండి ఉంటే అవతలివాడు తీసుకోవడం లేదు. కనెక్షన్ క్లోజ్ వెయిట్‌లో కూర్చుని కదలకపోతే క్లయింట్ వెళ్లిపోయాడు, మన సర్వరే క్లోజ్ పిలవడం మర్చిపోయింది. ఈ చివరిది కోబాల్ సర్వర్లలో తరచూ చూస్తాను. ఎర్రర్ పారాగ్రాఫ్‌లోకి వెళ్లిన ప్రోగ్రామ్ క్లోజ్ చేయకుండా మళ్లీ యాక్సెప్ట్‌కి (కొత్త కనెక్షన్ తీసుకోవడానికి) వెళ్లిపోతుంది.

నెట్‌స్టాట్ విలువ బాగా తెలిసిన కేసు ఒకటి చెబుతాను. కోబాల్‌లో రాసిన సర్వర్, పోర్ట్ 15000. లాగ్‌లో బైండ్ అయింది (పోర్ట్ పట్టుకుంది), లిజన్ అయింది, రిటర్న్ కోడ్‌లు అన్నీ సున్నా. క్లయింట్‌కి మాత్రం కనెక్షన్ రెఫ్యూజ్డ్ వస్తోంది. ఫైర్‌వాల్ టీముకి టికెట్ వెళ్లింది, వాళ్లు తమ రూల్స్ చూపించారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నిజానికి రెఫ్యూజ్డ్ అని వెంటనే జవాబు వచ్చిందంటే సాధారణంగా ప్యాకెట్ అవతలి మెషిన్ దాకా చేరినట్టే. ఫైర్‌వాల్ అడ్డుపడితే ఎక్కువసార్లు టైమవుటే వస్తుంది. నెట్‌స్టాట్ కొడితే ఆ జాబు లిజన్‌లోనే ఉంది, పోర్ట్ 5000 మీద. ముందున్న 1 ఎక్కడికి పోయింది? సాకెట్ అడ్రస్‌లో పోర్ట్‌ని పిక్చర్ 9(4) బైనరీ (నాలుగు అంకెల బైనరీ ఫీల్డ్) అని రాస్తారు. మాన్యువల్ ఉదాహరణల్లో కూడా అలాగే ఉంటుంది. రెండు బైట్లలో 65535 దాకా పడుతుంది కాబట్టి చోటు సమస్య లేదు. కానీ కోబాల్‌ని ట్రంక్ ఎస్‌టీడీ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే మూవ్ చేసేటప్పుడు పిక్చర్ ప్రకారం నాలుగు అంకెలే ఉంచుతుంది. 15000 కాస్తా 5000 అవుతుంది. ఆ ఫీల్డ్‌ని కాంప్-5 (పిక్చర్ అంకెలకి కట్టుబడని బైనరీ రకం) చేస్తే సరిపోతుంది, లేదా ట్రంక్ బిన్ ఆప్షన్ పెట్టాలి. ప్రోగ్రామ్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వలేదు, ఎందుకంటే దాని దృష్టిలో ఏ తప్పూ జరగలేదు. బయటి నుంచి చూసే నెట్‌స్టాటే నిజం చెప్పింది.

ఎర్రర్ కోడ్‌ల సంగతికి వస్తే నాకు అసంతృప్తి ఉంది. ఒకే తప్పుకి జెడ్ఓఎస్‌లో రెండు నంబర్లు. కోబాల్ నుంచి ఈజడ్ఏసాకెట్ (సాకెట్ పనులు చేసే కాల్) పిలిస్తే రెఫ్యూజ్డ్ 61, అడ్రస్ ఇన్ యూజ్ 48, టైమవుట్ 60, పర్మిషన్ లేకపోతే 13. అదే సీ ప్రోగ్రామ్ యూనిక్స్ సాకెట్లు వాడితే వరసగా 1128, 1115, 1127, 111. సీ లైబ్రరీ మెసేజ్‌లో అది ఈడీసీ8128ఐ, ఈడీసీ8115ఐ అనే రూపంలో కనబడుతుంది. రెండూ పక్కపక్కనే నడిచే షాపులో (మెయిన్‌ఫ్రేమ్ ఉన్న సంస్థలో) ఒకరు 61 అంటే ఇంకొకరు 1128 అంటారు, ఇద్దరిదీ ఒకే సమస్య అని తెలియడానికి చాలాసేపు పడుతుంది. నా టీములో అందరికీ చెప్పే మాట, టికెట్‌లో నంబరు రాయకండి, ఈకాన్‌రెఫ్యూజ్డ్ అని పేరు రాయండి అని. దీనికి విరుగుడుగా ఉన్న మంచి టూల్ బీపీఎక్స్ఎంటెక్స్ట్. ఎర్నో (పైన చెప్పిన ఎర్రర్ నంబరు) పక్కన వచ్చే ఎనిమిది హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకెల రీజన్ కోడ్ దానికి ఇస్తే అసలు కారణం మాటల్లో చెబుతుంది. ఎర్నో ఒక్కటే చూసి ఊరుకునేవాళ్లు సగం సమాచారం వదిలేస్తున్నట్టే.

పర్మిషన్ ఎర్రర్ గురించి ఒక మాట. టీసీపీఐపీ సెట్టింగ్‌ల ఫైలు ప్రొఫైల్ టీసీపీఐపీలో పోర్ట్ స్టేట్‌మెంట్ ఉంటుంది, ఫలానా పోర్ట్ ఫలానా జాబ్‌కే అని రిజర్వ్ చేసుకోవచ్చు. మంచి భద్రత. అయితే యూనిక్స్ సర్వర్ ఫోర్క్ అయితే (తనలాంటి ఇంకో ప్రాసెస్ పుట్టిస్తే) జాబ్ పేరు ఎనిమిది అక్షరాల కంటే తక్కువ ఉన్నప్పుడు చివర ఒక అంకె చేరుతుంది. రిజర్వేషన్ ఎమ్‌వైఎస్ఆర్‌వీ పేరు మీద ఉంటుంది, వచ్చి తలుపు తట్టేది ఎమ్‌వైఎస్ఆర్‌వీ1. స్టాక్ (టీసీపీఐపీ సాఫ్ట్‌వేర్) పొమ్మంటుంది. నెట్‌స్టాట్ పోర్ట్‌లిస్ట్ కొట్టి ఆ పేరూ, నడుస్తున్న జాబ్ పేరూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. పేరు చివర నక్షత్రం పెట్టడం, లేదా బీపీఎక్స్ జాబ్‌నేమ్ వేరియబుల్‌తో పేరు మనమే నిర్ణయించడం, ఏదైనా పనిచేస్తుంది. కొత్త యూజర్ ఐడీతో మొదటిసారి నడిపినప్పుడు సాకెట్ కాల్ మొదట్లోనే చచ్చిపోతే మాత్రం పోర్ట్ దాకా వెళ్లొద్దు, సిస్టమ్ లాగ్‌లో ఐసీహెచ్408ఐ అనే సెక్యూరిటీ మెసేజ్ కోసం వెతకండి. ఆ ఐడీకి ఓఎంవీఎస్ సెగ్మెంట్ (యూనిక్స్ సేవలు వాడటానికి కావలసిన వివరాలు) లేకపోవడమే ఎక్కువసార్లు కారణం.

ఇక ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్యాకెట్ ట్రేస్. కాంపోనెంట్ పేరు సిస్‌టీసీపీడీఏ. వాడే పద్ధతి మొదటిసారి చూసినవాళ్లకి తలనొప్పిగానే ఉంటుంది. ముందు ట్రేస్‌ని డేటాసెట్‌లో (ఫైల్లో) రాసే ఎక్స్‌టర్నల్ రైటర్ ప్రొసీజర్ స్టార్ట్ చేయాలి. తర్వాత ట్రేస్ సీటీ ఆన్ కమాండ్ ఇచ్చి, వచ్చిన రిప్లై నంబరుకి రైటర్ పేరు జవాబివ్వాలి. అప్పుడు వేరీ టీసీపీఐపీ కమాండ్‌లో పీకేటీట్రేస్ ఆన్ చేసి, క్లయింట్ ఐపీ, పోర్ట్ నంబరు ఫిల్టర్లుగా ఇవ్వాలి. సమస్య మళ్లీ రప్పించి, అన్నిటినీ వరసగా ఆపి, రైటర్ రాసిన డేటాసెట్‌ని ట్రేస్‌లు విప్పి చూపే ఐపీసీఎస్ టూల్‌లో తెరవాలి. లైనక్స్‌లో ఒక్క లైనుతో అయ్యే పనికి ఇన్ని మెట్లా అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రొడక్షన్‌లో వేల కనెక్షన్లు నడుస్తున్న స్టాక్ మీద, ఫిల్టర్ సరిగ్గా ఇస్తే, పనికి అడ్డు రాకుండా మనకి కావలసిన సంభాషణ మాత్రమే పట్టుకొస్తుంది. ఆ నమ్మకం వేరే టూల్ మీద నాకు అంతగా లేదు.

ఐపీసీఎస్‌లో సీట్రేస్ కమాండ్ ఫుల్ ఆప్షన్‌తో కొడితే ఒక్కో ప్యాకెట్ విప్పి చూపిస్తుంది. ఫ్లాగులు, సీక్వెన్స్ నంబర్లు, విండో సైజు, కింద డేటా హెక్స్‌లో. ఆ హెక్స్ పక్కన రెండు కాలమ్‌లు ఉంటాయి, ఒకటి ఎబ్సిడిక్‌లో (మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్) చదివితే ఎలా ఉంటుందో, రెండోది ఆస్కీలో (మిగతా కంప్యూటర్ల అక్షర కోడ్) చదివితే ఎలా ఉంటుందో. మెయిన్‌ఫ్రేమ్ మనిషికి ఇంతకంటే ఉపకారం ఇంకోటి లేదు. హెలో అన్న మాట సర్వర్ నుంచి సి8 సి5 డి3 డి3 డి6 అని వెళ్తోందంటే మార్పిడి జరగలేదు, ఎబ్సిడిక్ అలాగే బయటికి పోయింది. 48 45 4సి 4సి 4ఎఫ్ అని ఉంటే ఆస్కీలోకి మారింది. కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. హెక్స్ చదవడం ఇష్టం లేనివాళ్లు అదే ట్రేస్‌ని స్నిఫర్ ఆప్షన్‌తో టీసీపీడంప్ రూపంలోకి మార్చి, ప్యాకెట్లు చూపే వైర్‌షార్క్‌లో తెరుచుకోవచ్చు. నెట్‌వర్క్ టీముతో మాట్లాడేటప్పుడు ఈ ఫైలు చేతిలో ఉంటే చర్చ తీరే మారిపోతుంది, ఎందుకంటే అది వాళ్లకి అలవాటైన భాష.

ఈ ట్రేస్ ఎంత లోతుకి తీసుకెళ్తుందో చూపించే కేసు ఇది. సీషార్ప్‌లో రాసిన క్లయింట్, మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ సర్వర్. ఒప్పందం ప్రకారం ముందు నాలుగు బైట్ల పొడవు, తర్వాత అంత డేటా. క్లయింట్ టీము అన్నది: "మేం పంపాం, మీ దగ్గర్నుంచి జవాబు రాలేదు." సర్వర్ టీము అన్నది: "మేం ఇంకా మెసేజ్ కోసం చూస్తున్నాం." నెట్‌స్టాట్ ఆల్‌లో కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్, వచ్చిన బైట్లు 84, రిసీవ్ క్యూ ఖాళీ. అంటే డేటా వచ్చింది, సర్వర్ చదివేసింది కూడా, అయినా ఇంకా కావాలంటోంది. ఇద్దరూ చెప్పింది అక్షరాలా నిజం. నా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అక్కా, మరి తప్పెవరిది?" అని అడిగాడు. ట్రేస్ తీసి మొదటి డేటా ప్యాకెట్ చూపించాను. మొదటి నాలుగు బైట్లు 50 00 00 00.

హెక్స్‌లో 50 అంటే 80. క్లయింట్ 80 బైట్ల మెసేజ్ పంపింది, దానికి ముందు పొడవు 80 అని రాసింది. కానీ ఇంటెల్ మెషిన్ మీద ఆ నంబరు చిన్న బైటు ముందు వచ్చేలా ఉంటుంది, సీషార్ప్ బిట్ కన్వర్టర్ దాన్ని అలాగే ఇస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ పెద్ద బైటు ముందు చదువుతుంది. దాని లెక్కలో ఆ నంబరు 134,21,77,280. ఇంకా 134 కోట్ల బైట్లు వస్తాయని ఆ సర్వర్ బుద్ధిగా కూర్చుని ఎదురుచూస్తోంది! ఏ ఎర్రరూ లేదు, ఏ మెసేజూ లేదు, ఎక్కడా టైమవుట్ పెట్టలేదు కాబట్టి అది రోజంతా అలాగే ఉండేది. క్లయింట్‌లో ఆ నాలుగు బైట్లని నెట్‌వర్క్ వరసలోకి తిప్పడం ఒక్క లైను పని. సర్వర్‌లో కూడా పొడవుకి ఒక గరిష్ఠ పరిమితి పెట్టించాను, అది దాటితే కనెక్షన్ తెంచి లాగ్‌లో రాయమని. ఆ మార్పు అన్ని సాకెట్ సర్వర్లలోనూ ఉండాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. జెడ్ ప్రాసెసర్ వరసా, నెట్‌వర్క్ వరసా ఒకటే. కాబట్టి సీ ప్రోగ్రామర్ హెచ్‌టాన్స్ (నంబరుని నెట్‌వర్క్ వరసలోకి తిప్పే ఫంక్షన్) పిలవడం మానేసినా మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. అదే కోడ్ తీసుకెళ్లి ఇంటెల్ లైనక్స్‌లో కంపైల్ చేస్తే అప్పుడు బయటపడుతుంది. క్లయింట్, సర్వర్ రెండూ మెయిన్‌ఫ్రేమ్ మీదే పెట్టి టెస్ట్ చేసి "పాస్" అనడం అందుకే సరిపోదు. ఎబ్సిడిక్ సమస్య కూడా ఆ టెస్ట్‌లో దాక్కుంటుంది, రెండు వైపులా ఎబ్సిడికే కాబట్టి.

కోడ్‌పేజీ (ఏ అక్షరానికి ఏ బైటో చెప్పే పట్టిక) గురించి కూడా రాయాలి, ఈ మధ్య జేసన్ అనే డేటా రూపం వాడకం పెరిగాక ఇది ఎక్కువైంది. ఎబ్సిడిక్ అని అందరం ఒకే మాట అంటాం గానీ, ఐబీఎం-037లో చదరపు బ్రాకెట్లు బీఏ, బీబీ. ఐబీఎం-1047లో అవే ఏడీ, బీడీ. అక్షరాలు, అంకెలు రెండిట్లోనూ ఒకటే. అందుకని పేరు, పాలసీ నంబరు ఉన్న మెసేజ్‌లు ఏళ్ల తరబడి బాగానే నడుస్తాయి. జేసన్‌లో అరే (బ్రాకెట్లలో రాసే జాబితా) వచ్చిన రోజు బ్రాకెట్ స్థానంలో నెత్తిన గీత ఉన్న వై కనబడి పార్సర్ పడిపోతుంది. ట్రేస్‌లో ఆ ఒక్క బైటు చూస్తే ఏ టేబుల్‌తో మార్చారో తెలిసిపోతుంది.

ట్రేస్‌తో రెండు జాగ్రత్తలు. అందులో కస్టమర్ల పేర్లు, పాలసీ వివరాలు అన్నీ పడతాయి. హెడర్లు చాలు అనుకున్నప్పుడు అబ్రెవ్ ఆప్షన్ ఇచ్చి ప్యాకెట్‌లో మొదటి కొన్ని బైట్లే తీసుకోండి. పని అయ్యాక డేటాసెట్ తీసేయండి. రెండోది ఏటీ-టీఎల్ఎస్, అంటే ప్రోగ్రామ్ బదులు స్టాకే చేసే టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్. ఎన్‌క్రిప్షన్ టీసీపీ లేయర్లోనే జరుగుతుంది కాబట్టి ప్యాకెట్ ట్రేస్‌లో అర్థం కాని బైట్లే కనబడతాయి. సాకెట్ దగ్గర తీసే డేటా ట్రేస్ వాడాలి, అది కూడా పాలసీలో సీట్రేస్ క్లియర్‌టెక్స్ట్ ఆన్ చేస్తేనే మామూలు డేటా చూపిస్తుంది. అది ఆఫ్‌లో ఉండటమే డిఫాల్ట్, అలా ఉండటమే సరైనది. హ్యాండ్‌షేక్ (టీఎల్ఎస్ మొదటి ఒప్పందం) గొడవలకి అయితే ట్రేస్ అక్కర్లేదు, సిస్‌లాగ్‌లో ఈజడ్‌డీ1287ఐ మెసేజ్ చాలు. అందులో రిటర్న్ కోడ్ 402 ఉంటే రెండు వైపులా కలిసే సైఫర్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) లేదు. 5003 ఉంటే టీఎల్ఎస్ రావలసిన చోట క్లయింట్ మామూలు డేటా పంపుతోంది.

నిన్న రాత్రి ఏం జరిగింది అని అడిగితే నెట్‌స్టాట్ చెప్పలేదు, అది ఇప్పటి సంగతే చూపిస్తుంది. దానికి సిస్టమ్ చిట్టాగా రాసుకునే ఎస్ఎంఎఫ్ 119 రికార్డులు ఉన్నాయి. సబ్‌టైప్ 1 కనెక్షన్ మొదలైనప్పుడు, 2 ముగిసినప్పుడు. ముగింపు రికార్డులో ఎన్ని బైట్లు పోయాయి, ఎందుకు ముగిసింది అన్నది ఉంటుంది. ప్రొఫైల్‌లో ఎస్ఎంఎఫ్‌కాన్ఫిగ్ ద్వారా ఆన్ చేసి ఉండాలి, రికార్డులు ఎక్కువ వస్తాయని ఆపేసినవాళ్లు ఉంటారు. నా ఓటు ముగింపు రికార్డులైనా ఉంచాలనే.

బయటి టూల్స్ అవసరం లేదని అనను. బ్రాడ్‌కామ్ నెట్‌మాస్టర్, ఐబీఎం ఒమెగామోన్ లాంటివి హిస్టరీ, అలర్ట్‌లు, స్క్రీన్ మీదే ట్రేస్ సౌకర్యం ఇస్తాయి. పదుల ఎల్‌పార్‌లు (ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే సిస్టమ్‌లు), రోజంతా చూసే టీము ఉన్నచోట అవి డబ్బుకి తగ్గ పని చేస్తాయి. నాలుగైదు సాకెట్ సర్వర్లు ఉన్న షాపుకి మాత్రం ముందు ఉన్నవి వాడండి అనే చెబుతాను.

ఐదుకి నాలుగు మార్కులు. రెండు నంబర్ల ఎర్నో గందరగోళానికి కొంత, ట్రేస్ స్టార్ట్ చేయడంలో ఉన్న మెట్లకి కొంత తగ్గించాను. ఐపీ డయాగ్నసిస్ గైడ్ మాన్యువల్‌కి పూర్తి మార్కులు ఇవ్వాలి. కమాండ్‌లు వరసగా, ఉదాహరణ అవుట్‌పుట్‌తో సహా ఉంటాయి, ఐబీఎం సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సాకెట్లు ముట్టుకునే ప్రతి డెవలపర్ కనీసం ఐపీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్స్ కమాండ్స్ మాన్యువల్‌లో నెట్‌స్టాట్ గురించిన భాగం చదవాలి.

మీ షాపులో ఇవి వాడుకలోకి రావాలంటే ముందే చేయించుకోవాల్సినవి రెండున్నాయి. సెక్యూరిటీ టీముతో మాట్లాడి పీకేటీట్రేస్ కమాండ్‌కి ఉన్న ఆపర్‌కమాండ్స్ (ఆపరేటర్ కమాండ్‌ల అనుమతులు) ప్రొఫైల్‌లో ఒక చిన్న గ్రూపుకి అనుమతి ఇప్పించండి, అర్ధరాత్రి ప్రొడక్షన్ ఆగినప్పుడు ఆ అనుమతి అడిగితే రాదు. రైటర్ ప్రొసీజర్‌ని ప్రాక్‌లిబ్‌లో (ప్రొసీజర్ల లైబ్రరీలో) సిద్ధంగా పెట్టించి, టెస్ట్ సిస్టమ్‌లో ఒకసారి నడిపి చూసుకోండి. ఆపేటప్పుడు ముందు ప్యాకెట్ ట్రేస్, తర్వాత కాంపోనెంట్ ట్రేస్, చివర రైటర్. రైటర్‌ని ముందే ఆపితే చివరి బఫర్లు డేటాసెట్‌లోకి రాకుండా పోవచ్చు, మనకి కావలసిన ప్యాకెట్ ఎక్కువసార్లు వాటిలోనే ఉంటుంది.